అరవై మూడో మనిషి

టంకశాల ముందు క్యూ కట్టే ప్రతి మనిషికీ ఒకటే కోరిక, ముందుండాలని. కండక్టరుకి ఆ కోరిక లేదు. అలాగని వెనకుండాలనీ లేదు. సరిగ్గా అరవై మూడో మనిషిగా నిలబడాలి. అరవై రెండో చోటు ఊరికే ఇచ్చినా వద్దు, అరవై నాలుగు అసలే వద్దు. ఈ పిచ్చి పదకొండేళ్ళుగా ముదురుతూ వచ్చింది. ఈ ఉదయంతో అటో ఇటో తేలిపోతుంది.

పిచ్చికి మూలం చెప్పాలి కదా. టంకశాలవాళ్ళు ఏడాదికొక పక్షి చొప్పున పన్నెండేళ్ళకి పన్నెండు వెండి నాణేలు విడుదల చేస్తామన్నారు. ఒక్కో పక్షికి మూడు వందల నాణేలే కొడతారు, ఆ తర్వాత అచ్చు పగలగొట్టేస్తారు. ఒకవైపు పక్షి, రెండోవైపు దాని గూడు, అంచు మీద ఒకటి నుంచి మూడు వందల దాకా నంబరు. క్యూలో నువ్వు ఎన్నోవాడివైతే ఆ నంబరు నాణెం నీది. మొదటి ఏడు కొంగ వచ్చినప్పుడు కండక్టరు ఊరికే చూసొద్దామని వెళ్ళి అరవై మూడోవాడయ్యాడు. రెండో ఏడు వడ్రంగిపిట్టకి డ్యూటీ దిగి పరుగెత్తుకుంటూ వెళ్ళినా మళ్ళీ అరవై మూడే తగిలింది. ఒకసారి తగిలితే పట్టించుకునేవాడు కాదేమో. రెండోసారి తగిలేసరికి ఆ నంబరు తనని వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాడు. మూడో ఏడు నుంచి తనే దాన్ని వెతుక్కుంటూ వెళ్ళడం మొదలుపెట్టాడు.

ఇది చెప్పినంత తేలిక కాదు. క్యూలో మొదటివాడిగా నిలబడాలంటే ముందు రావాలి, అంతే, బుర్రతో పని లేదు. అరవై మూడోవాడిగా నిలబడాలంటే రోడ్డుకి అవతల పేవ్‌మెంటు మీద కూర్చుని, వచ్చేవాళ్ళని, పోయేవాళ్ళని, తమ్ముడికి చోటు పట్టి పెట్టినవాళ్ళని, టీకి వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళని లెక్కపెడుతూ ఉండి, తలలు అరవై రెండు కాగానే లేచి రోడ్డు దాటాలి. అంతటితో అయిపోదు. ముందున్నవాడెవడైనా విసుగెత్తి ఇంటికిపోతే తను అరవై రెండుకి జారిపోతాడు. అప్పుడు వెనక్కి తిరిగి, "మీరు ముందుకి రండి, నాకేం తొందర లేదు" అనాలి. ఇంత మర్యాదస్తుడు ఈ రోజుల్లో ఉన్నాడా అని జనం మురిసిపోయేవారు. ముందెవడైనా దూరితే తను అరవై నాలుగవుతాడు. అప్పుడు ముందున్న మనిషికి టీ ఇప్పించి, కబుర్లు చెప్పి, చోటు మార్చుకోవాలి. ఆ టీలన్నిటికీ అయిన ఖర్చుతో ఇంకో నాణెం వచ్చేదని కండక్టరు భార్య అంటుంది. ఆవిడ కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగించే పనిచేస్తుంది. ఏ విషయాన్నైనా దగ్గరగా పెట్టుకుని చూడటం ఆవిడకి అలవాటు.

కానీ తలలు లెక్కపెట్టడంలో కండక్టరుకి సాటి లేరు. ముప్పై ఒక్క ఏళ్ళు సిటీ బస్సులో చేశాడు. కిక్కిరిసిన బస్సులో వెనక ఫుట్‌బోర్డు మీద నిలబడి, ఒక్కసారి అలా చూసి, యాభై ఎనిమిది మంది అనేవాడు, టిక్కెట్లు యాభై ఎనిమిదే తెగేవి. చెకింగ్ ఇన్‌స్పెక్టర్లు కూడా ఆయన లెక్క మీద తమ లెక్క సరిచూసుకునేవారు. రిటైరై రెండేళ్ళయినా వీధిలో అందరికీ ఇంకా కండక్టరే.

ఇక ఆయనకి పక్కలో బల్లెం ఒకడున్నాడు. డబుల్ అంటారు. ఇక్కడ కొన్న నాణెం సాయంత్రానికి రెండింతల రేటుకి అమ్మేస్తాడు కాబట్టి ఆ పేరు. ఒకప్పుడు ఫోన్ల కవర్లు అమ్మేవాడు, ఇప్పుడు ఇదే వ్యాపారం. మనిషికొక్కటే నాణెమని రూలు ఉంది కనుక పదిమందిని కూలికి పట్టుకొచ్చి క్యూలో నిలబెడతాడు. కండక్టరు వాళ్ళకి అద్దెకాళ్ళు అని పేరు పెట్టాడు. ఏటా మొదటి పది చోట్లూ ఆ అద్దెకాళ్ళవే. ఒకటో నంబరు, ఏడో నంబరు అంటే కొనేవాళ్ళు చెవి కోసుకుంటారు మరి. పక్షి మొహం కూడా చూడకుండా కవర్లో పడేసి పట్టుకుపోయే డబుల్‌ని చూస్తే కండక్టరుకి ఒళ్ళు మండేది. ఇద్దరికీ మాటల్లేవు, ఉన్నా అవి పొడి మాటలు.

నిరుడు ఒక పొరపాటు జరిగింది. నాణేలు సేకరించేవాళ్ళు ఒక హాల్లో ప్రదర్శన పెట్టారు. అందరూ పక్షులు పైకి కనబడేలా పెడితే, కండక్టరు తన పదకొండింటినీ అంచుల మీద నిలబెట్టాడు. పక్షి కనబడక పిల్లలు మెడలు వంచి చూసి, విసుక్కుని వెళ్ళిపోయారు. డబుల్ మాత్రం ఆ బల్ల ముందు చాలాసేపు నిలబడ్డాడు. పదకొండు అంచుల మీదా ఒకటే నంబరు. క్యూలో ఈ పెద్దమనిషి అందర్నీ ముందుకి రమ్మని బతిమాలేది ఎందుకో అప్పుడు అతనికి అర్థమైంది. ఊళ్ళో ఎవరికీ అక్కర్లేని నంబరు ఒకటుందనీ, దానికి ఎంతైనా ఇచ్చే మనిషి ఒక్కడున్నాడనీ తెలిసిపోయింది.

ఈ ఏడు పన్నెండోది, ఆఖరిది. పిచ్చుక. డేగలూ గుడ్లగూబలూ అయిపోయాక పిచ్చుకతో ముగించడమేమిటని కొందరు సణిగారు. కండక్టరుకి అదేమీ పట్టలేదు. కొంగైనా పిచ్చుకైనా అంచు మీద అరవై మూడు ఉంటే చాలు. పదకొండు కుదిరి పన్నెండోది కుదరకపోతే ఆ పదకొండింటినీ మళ్ళీ కన్నెత్తి చూడలేనని ముందు రోజు అన్నాడు. ఆ మాట అన్న తీరు చూసి భార్య షాపుకి సెలవు పెట్టి, క్యూ దాకా తోడొచ్చింది.

తెల్లవారి ఆరున్నరకల్లా ఇద్దరూ అవతలి పేవ్‌మెంటు మీద కూర్చున్నారు. ఆవిడ ఫ్లాస్కులోంచి టీ పోసింది. ఆయన తాగకుండా పట్టుకుని కూర్చున్నాడు. టంకశాల గోడకి ఈసారి కొత్త బోర్డు పెట్టారు, ఒక గుర్తింపు కార్డుకి ఒక నాణెం అని. బోర్డు చదివాడు, తల ఊపాడు, లెక్కలో పడ్డాడు. ఎనిమిది దాటేసరికి నలభై. మొదటి పదిమందిలో అద్దెకాళ్ళు ఒక్కటీ కనబడలేదు. అప్పుడే అనుమానించాల్సింది, అనుమానించలేదు.

ఇక్కడే కండక్టరు పప్పులో కాలేశాడు. ఏం జరిగిందో ఆయనకి తెలియదు, డబుల్‌కి తెలియదు, కానీ మనం తెలుసుకుని ఉండటం మంచిది. ఎనిమిదింబావుకి ఒక తల్లి ఏడాది పిల్లని భుజాన వేసుకొచ్చి నలభై ఒకటో చోట నిలబడింది. పిల్ల నిద్రపోతోంది. తల్లి చేతిలో రెండు గుర్తింపు కార్డులున్నాయి, ఒకటి తనది, రెండోది పిల్లది. కండక్టరు ఆవిణ్ణి చూశాడు, పిల్లనీ చూశాడు, నలభై ఒకటి అనుకున్నాడు. ముప్పై ఒక్క ఏళ్ళు చంటిపిల్లకి టిక్కెట్టు కొట్టని మనిషికి చంటిపిల్ల మనిషి లెక్కలోకి రాదు. ఆ క్షణం నుంచి ఆయన లెక్క ఒకటి తక్కువ.

తొమ్మిదికి పది నిమిషాలుండగా అరవై రెండయ్యారు. కండక్టరు టీ గ్లాసు భార్య చేతిలో పెట్టి రోడ్డు దాటాడు. దాటి నిలబడ్డాడో లేదో, ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో డబుల్ వచ్చి సరిగ్గా వెనక నిలబడ్డాడు. అతని వెనక బిలబిలమంటూ ఆరు అద్దెకాళ్ళు. సెక్యూరిటీ అతను తాడు పట్టుకొచ్చి క్యూ పొడవునా కట్టేశాడు. ఇక ఎవరైనా బయటికి పోవచ్చు గానీ మధ్యలో కొత్తవాళ్ళు రాకూడదని కేకేసి చెప్పాడు.

పదిహేను నిమిషాలు గడిచాయి. డబుల్ టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. ముందు ముప్పయ్యో చోటున ఉన్న ఒకడికి ఆ క్షణంలోనే కడుపునొప్పి వచ్చింది. తాడు కింద నుంచి దూరి, పొట్ట పట్టుకుని, ఇంటిదారి పట్టాడు. పట్టినవాడు మలుపు చేరకముందే మామూలుగా నడవడం అందరికీ కనబడింది. కండక్టరు గబగబా మళ్ళీ లెక్కేసుకున్నాడు. ముందు అరవై ఒకటి. తను అరవై రెండు. వెనకున్నవాడు అరవై మూడు. ఇది ఆయన లెక్క. వెనక డబుల్ కూడా ఇదే లెక్కలో ఉన్నాడు. కండక్టరు నిలబడ్డ చోటే చోటని నమ్మి వచ్చాడు కానీ అతను ఒక్క తల కూడా స్వయంగా లెక్కపెట్టలేదు.

అలవాటు చొప్పున కండక్టరు వెనక్కి తిరిగి, ముందుకి రమ్మన్నాడు. డబుల్ వినయంగా నవ్వి, ఇక్కడ గాలి బాగా తగులుతోందన్నాడు. పోనీ నేనే మీ వెనక్కి వస్తానంటే, అద్దెకాళ్ళు ఆరుగురూ భుజాలు కలిపి గోడ కట్టారు. తాడుకి అవతలి నుంచి భార్య చూస్తూనే ఉంది.

అప్పుడు డబుల్ గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పాడు.

"కండక్టరుగారూ, మనకి మనకి దాపరికం ఎందుకు. ఈ చోటు మీకు కావాలి. ఐదు నాణేల రేటు ఇవ్వండి, మీ ముందుకి వచ్చి నిలబడతాను. టోకెన్లు ఇచ్చే మేడం బయలుదేరింది. ఆవిడ పేరు రాసేసిందంటే ఇక నేనూ ఏం చెయ్యలేను."

కండక్టరు చెయ్యి జేబులోకి వెళ్ళింది. డబ్బుంది. ఏదైనా అవసరం పడుతుందేమోనని తెచ్చినదే. టోకెన్ల మేడం రిజిస్టరు గుండెకి ఆనించుకుని ఒక్కొక్కరి దగ్గరా ఆగుతూ వస్తోంది. చంటిపిల్లని ఎత్తుకున్న తల్లి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగింది. అదెందుకో ఇద్దరిలో ఎవరూ చూడలేదు. ఒకరి కళ్ళు జేబు మీద, ఇంకొకరి కళ్ళు వెనక చోటు మీద.

అసలు భార్య ఆపుతుందని ఎవరైనా అనుకుంటారు. ఆవిడ తాడు దగ్గరికి వచ్చి ఆయన మోచెయ్యి మీద చెయ్యి వేసింది.

"ఇచ్చెయ్యండి. నేనేమీ అనుకోను. పదకొండేళ్ళ నుంచి చూస్తున్నాగా."

చదివేవాళ్ళకి ఇక్కడ ప్రాణం ఉసూరుమంటుంది, నాకు తెలుసు. ఆయన ఇప్పుడు డబ్బిచ్చి మారితే, చేతిలో ఉన్నదాన్ని అమ్ముకుని లేనిదాన్ని కొనుక్కున్నట్టే. కానీ ఆయనకి ఆ సంగతి తెలియదు. జేబులో నోట్లు వేళ్ళకి తగులుతున్నాయి. ఇన్నేళ్ళూ టీల లెక్క చెప్పి ఏడిపించిన మనిషి ఇప్పుడు ఇచ్చెయ్యమంటోంది. ఆవిడ మీద అంత ప్రేమ ఈ మధ్యకాలంలో ఎప్పుడూ కలగలేదు. ఆ ప్రేమలోనే ఎందుకో చెయ్యి ఖాళీగా బయటికి వచ్చేసింది.

"వద్దులేవే," అన్నాడు. "ఆ పదకొండూ నిలబడి తెచ్చుకున్నవి. దీన్ని కొనుక్కొచ్చి వాటి పక్కన పెడితే, రోజూ నేనే చూడలేను. అరవై రెండు వస్తే అరవై రెండే. నాదే అది."

అని, తాడుకి ఆనుకుని, చాలా ఏళ్ళ తర్వాత మొదటిసారి తలలు లెక్కపెట్టడం మానేశాడు. మానేశాక క్యూలో మనుషులు కనబడ్డారు. ముందున్నాయన వేసుకున్న చొక్కా గుండీ ఒకటి తెగి ఉంది. ఆయన లెక్కల మాస్టారట, పిచ్చుక కోసమే వచ్చాడట, మిగతా పదకొండింటిలో ఒక్కటీ కొనలేదట. వాళ్ళ బాల్కనీలో ఏటా గూడు కడతాయని చెబుతుంటే కండక్టరు నిజంగానే విన్నాడు. బాధ ఉంది. లేదంటే అబద్ధం. కానీ ఆ బాధ మీద కూర్చోబుద్ధి కాలేదు. వెనక డబుల్ మూడు నాణేల రేటుకి దిగాడు, తర్వాత రెండుకి దిగాడు. కండక్టరు మాస్టారిని గూటి సంగతే అడుగుతున్నాడు.

మేడం వచ్చింది. లెక్కల మాస్టారికి టోకెను ఇచ్చి, పేరు రాసి, కండక్టరు చేతిలో ఇంకో టోకెను పెట్టి, "అరవై మూడు" అంది.

కండక్టరు ఆ టోకెను తిరిగి ఇచ్చేశాడు. "కాదమ్మా, అరవై రెండు. ఒకటి తప్పారు మీరు."

మేడం కళ్ళజోడు పైనుంచి చూసింది. పొద్దుటి నుంచి ఒక్కొక్కటే రాసుకొస్తున్నాననీ, తప్పడానికి ఇదేమీ బస్సు కాదనీ అంది. బస్సు పేరెత్తేసరికి కండక్టరుకి రోషం వచ్చింది. తన ముందు అరవై ఒక్క మందే ఉన్నారనీ, ముప్పై ఒక్క ఏళ్ళలో తన లెక్క ఒక్కసారి కూడా తప్పలేదనీ, కావాలంటే మొదటి నుంచి లెక్కపెట్టి చూపిస్తాననీ వాదనకి దిగాడు. తాడు అవతల భార్య తల పట్టుకుంది. పదకొండేళ్ళు దేనికోసం తపించాడో అది చేతిలో పెడితే, వద్దని పోట్లాడుతున్న మనిషిని ఆవిడ ఆ రోజే చూసింది.

"ఏమండీ, నోరు మూసుకుని తీసుకోండి," అంది.

మేడం రిజిస్టరు తిప్పి వేలు పెట్టి చూపించింది. తల్లి పేరు. దాని కింద పిల్ల పేరు, వయసు పదమూడు నెలలు. కార్డుకొక నాణెం అన్నారు గానీ వయసు రాయలేదు కదా, మనిషి కాదనడానికి నేనెవర్నని అడిగింది. కండక్టరు ముందుకి వంగి చూశాడు. పిల్ల ఇప్పుడు నిద్రలేచి, తల్లి భుజం మీద నుంచి క్యూ అంతా పరీక్షగా చూస్తోంది, నోట్లో టోకెను.

ఆయన మొహంలోకి వెలుగు మెల్లమెల్లగా వచ్చింది. ముందు అర్థమైంది, తర్వాత నమ్మకం కలిగింది, ఆ తర్వాత సంతోషం వచ్చింది, వచ్చి పోనంది. లెక్కల మాస్టారి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. మేడం పేరు అడిగితే ఇంటి నంబరు చెప్పాడు. వెనక నుంచి డబుల్ చెయ్యి చాపాడు. మేడం అతని చేతిలో అరవై నాలుగు పెట్టింది. పేర్లు రిజిస్టరులో పడిపోయాయి.

గంట తర్వాత కౌంటరు దగ్గర నాణెం చేతికొచ్చింది. భార్య బ్యాగులోంచి షాపు భూతద్దం తీసి ఇచ్చింది. పిచ్చుక మెడ ఒక పక్కకి వంచి చూస్తోంది. అంచు మీద, సన్నగా, ఆరు, మూడు. మూడుసార్లు చూసి భార్యకి ఇచ్చాడు. ఆవిడ ఒకసారి చూసి, పిచ్చుక బాగుందంది. అది విన్నాక ఆయన కూడా పిచ్చుకని చూశాడు. నిజంగానే బాగుంది.

మెట్లు దిగుతూ కండక్టరు ఉన్నట్టుండి ఆగిపోయాడు. నేను నా లెక్క ప్రకారమే నిలబడి ఉంటే నాకు వచ్చేది అరవై నాలుగు, అన్నాడు భార్యతో. ఆ కడుపునొప్పివాడు వెళ్ళబట్టి అరవై మూడయ్యాను. వాణ్ణి పంపింది డబుల్. ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ఆయనకి నవ్వు రాలేదు, ఏదో తీర్చాల్సింది మిగిలిపోయినట్టుంది. టీ బండి దగ్గర డబుల్ ఒక్కడే నిలబడి ఉన్నాడు, అద్దెకాళ్ళందరికీ కూలిచ్చి పంపేశాడు. కండక్టరు నేరుగా అక్కడికి వెళ్ళాడు. పదకొండేళ్ళలో మొదటిసారి.

జరిగింది జరిగినట్టు చెప్పాడు. తను చంటిపిల్లని లెక్కలో వేసుకోలేదనీ, మీరు ఆ మనిషిని తప్పించకపోతే పన్నెండోది చేజారేదనీ, దెప్పడానికి కాదు, నిజంగానే మీ వల్ల వచ్చిందనీ చెప్పాడు. డబుల్ గ్లాసు పట్టుకుని వింటూ ఉండిపోయాడు. ఎక్కడో వెటకారం ఉంటుందని ఆయన మొహం అంతా వెతికాడు, దొరకలేదు.

"ఈ వ్యాపారంలోకి వచ్చాక నేను ఒకరికి లాభం చూసుకోకుండా ఇచ్చింది ఇదొక్కటేనండీ," అన్నాడు చివరికి. "అది కూడా తెలియకుండా."

ముగ్గురూ నవ్వారు. టీ అయ్యాక డబుల్ వెళ్ళలేదు. గ్లాసు బండి మీద పెట్టి, అటూ ఇటూ చూసి, ఇబ్బందిగా ఒక మాట అడిగాడు. ఆ పన్నెండూ ఒక్కచోట ఒక్కసారి చూడొచ్చా అని.

మధ్యాహ్నం కిటికీ పక్కన బల్ల మీద భార్య తెల్లగుడ్డ పరిచింది. కండక్టరు ఒక్కొక్కటీ తీసి అంచు మీద నిలబెట్టాడు, కొంగ నుంచి పిచ్చుక దాకా. డబుల్ కుర్చీ దగ్గరికి లాక్కుని వంగి కూర్చున్నాడు. అతని చేతుల మీదుగా వందల నాణేలు పోయి ఉంటాయి, ఏదీ ఒక్క రాత్రి కూడా ఇంట్లో ఉండలేదు. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, ముట్టుకోకుండా, ఒక చివరి నుంచి ఇంకో చివరికి పోయి మళ్ళీ మొదటికి వచ్చాడు. ఏ క్షణమైనా రేటు అడుగుతాడని కండక్టరు ఎదురుచూశాడు. వద్దని ఎలా మర్యాదగా చెప్పాలో కూడా మనసులో అనుకుని పెట్టుకున్నాడు.

డబుల్ రేటు అడగలేదు. చాలాసేపటికి తల ఎత్తాడు.

"వీటిని అమ్మకండి కండక్టరుగారూ. ఎవరెంత ఇస్తానన్నా అమ్మకండి. రేపు నేనే వచ్చి అడిగినా సరే, ఇవ్వకండి."

ఇవ్వనని కండక్టరు మాటిచ్చాడు.